చిట్టిబాబు చేతులు

గిలకలదిండి రేవులో చిట్టిబాబు ఎక్కడుంటాడని అడిగితే, ఏ చిట్టిబాబు అని ఎదురు అడుగుతారు. ఆ పేరున్నవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. తాడు చిట్టిబాబు అని అడిగితే మాత్రం, వల బాగుచేసుకుంటున్నవాడు తలెత్తకుండానే చేత్తో ఇల్లు చూపిస్తాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకి కమిలిపోయి ఉంటాడు. మాట తక్కువ. ఆయన్ని ఒకసారి చూసినవాళ్ళకి గుర్తుండేది మొహం కాదు, చేతులు. ఎవరివో పెద్ద చేతులు తెచ్చి ఈ సన్నటి ఒంటికి తగిలించినట్టుంటాయి. వేళ్ళు పూర్తిగా చాచుకోవు. అరచేతుల్లో చర్మం చెప్పు అట్టంత మందం. భార్య గంగాదేవి పొయ్యి మీద నుంచి అన్నం గిన్నె దించాలంటే మసిగుడ్డ వెతుక్కోదు, మొగుణ్ణి కేకేస్తుంది.

ఆ చేతుల్ని అలా తయారుచేసినవి సొరచేపలు. బందరు తీరంలో సొర గాలాలు జోరుగా వేసే రోజుల్లో, మీసం మొలవకముందే, చిట్టిబాబు తండ్రి వెంట బోటెక్కాడు. కొక్కేనికి చేప ముక్క గుచ్చి, తాడు సముద్రంలోకి జారవిడిచి, కొస చేత్తో పట్టుకుని కూర్చోవాలి. పెద్ద సొర తగిలిందంటే ఆ తాడు మీద వచ్చే ఊపు మామూలుగా ఉండదు. కొత్తవాడైతే భయపడి గట్టిగా పట్టుకుంటాడు. గట్టిగా పట్టుకున్నవాడి వేళ్ళు తాడుతోపాటే పోతాయి, ఒక్కోసారి మనిషే పోతాడు. చిట్టిబాబు చిన్నాన్న కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు తప్ప మరేమీ మిగల్లేదు. అందుకని తండ్రి మొదటిరోజే చెప్పాడు. అది లాగినప్పుడు నువ్వు వదలాలిరా, అది అలిసి ఆగినప్పుడు నువ్వు లాగాలి, ఆలోచించుకునే టైముండదు, నీకంటే ముందు నీ చేతికి తెలియాలి.

చిట్టిబాబు చేతికి తెలిసింది. ఎంత బాగా తెలిసిందంటే, ఒకసారి పక్కింటివాళ్ళ గేదె పలుపు పట్టుకుని నడుస్తుంటే అది తల విదిలించింది, ఈయన చెయ్యి ఠక్కున వదిలేసింది. గేదె వెళ్ళి ఎవరిదో పెళ్ళి పందిట్లో దూరింది. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని పరిగెత్తారు. ఏంరా, సొర అనుకున్నావా అని ఊరంతా చాలాకాలం నవ్వుకుంది. చిట్టిబాబు కూడా నవ్వేవాడు. నవ్వుకోవలసిన సంగతి కాదని అప్పట్లో ఎవరికి తడుతుంది చెప్పండి.

తర్వాత సొరలు తగ్గిపోయాయి. కొన్నిటిని పట్టకూడదని రూల్సు వచ్చాయి. గాలాలు అటకెక్కాయి, చిట్టిబాబు తన బావమరిది, గంగాదేవి తమ్ముడు పెద్దబ్బాయి నడిపే బోటులో వలల పనికి కుదురుకున్నాడు. వల పనిలో తాడుని వదలడం ఉండదు, లాగడమే. అయినా రేవులో ఆయన పేరు మారలేదు.

ఇంత చరిత్ర ఉన్న మనిషికి నీళ్ళ కింద అంటే భయం. నీళ్ళ మీద కాదు. నీళ్ళ మీద తుఫానులో కూడా బీడీ కాల్చుకోగలడు. కింద ఏముంటుందో తలుచుకోవడమే ఆయనకి కష్టం. ఈదడం వచ్చుగాని, సముద్రంలో మునిగి కళ్ళు తెరిచిన పాపాన పోలేదు. దీనికి ఒక కారణం ఉంది, అది గంగాదేవికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక పెద్ద పులిసొర పొట్ట కోస్తుంటే తాబేలు చిప్ప ముక్కలతో పాటు ఒక వెండి పట్టీ బయటపడింది. చిన్నపిల్లల కాలి పట్టీ, మువ్వలతో సహా. ఎక్కడ ఏ రేవులో జారి నీళ్ళలో పడిందో, ఒట్టి పట్టీయే పడిందో, ఏమో. చిట్టిబాబు దాన్ని గబుక్కున సముద్రంలోకి విసిరేసి మళ్ళీ కత్తి పట్టుకున్నాడు. తర్వాత తనకి కూతురు పుట్టినప్పుడు దాని కాళ్ళకి పట్టీలు పెట్టనివ్వలేదు. గంగాదేవి ఏడ్చింది, అత్తగారు అరిచింది, ఆయన వినలేదు.

ఆ కూతురు సాయిశ్రీ. ఒక్కతే సంతానం. అది పుట్టినప్పుడు గంగాదేవికి పాలు చాల్లేదు. చిట్టిబాబు రోజూ పాలసొర అనే చిన్న సొర తెస్తే, ఉడికించి పొడికూరలా పుట్టు చేసుకుని తిని పాలిచ్చింది. బాలింతలకి సొరపుట్టు పెట్టడం ఆ తీరంలో అందరిళ్ళల్లో ఉన్నదే. "సొర పాలు తాగి పెరిగావే నువ్వు, అందుకే నీళ్ళు కనిపిస్తే ఆగవు" అని గంగాదేవి కూతుర్ని ఆటపట్టించేది. నిజంగానే ఆగలేదు. విజయవాడలో డిగ్రీ చదువుతూ కృష్ణలో ఈత పోటీలకి వెళ్ళింది. తర్వాత విశాఖపట్నం వెళ్ళి, వీపుకి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగున తిరగడం నేర్చుకుంది. ఆ పనే ఉద్యోగమైంది. టూరిస్టుల్ని కిందికి తీసుకెళ్ళి చేపల్ని చూపించి పైకి తీసుకొస్తుంది. మీ అమ్మాయి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే చిట్టిబాబు "కంపెనీలో పని" అనేవాడు. అంతకంటే వివరంగా చెప్పడానికి ఆయనకే ధైర్యం చాలదు.

అలాంటి ఇంటికి, ఈ ఏడు మాఘ పౌర్ణమి స్నానాలైన మర్నాడు, సాయిశ్రీ సెలవు పెట్టి వచ్చి ఒక కబురు చెప్పింది. విజయవాడ వన్ టౌన్లో చీరల హోల్‌సేల్ కొట్టున్న పాండురంగయ్య గారి అబ్బాయి వేణుగోపాల్ కొత్తగా సాహస యాత్రలు నడుపుతున్నాడు. కొండలెక్కించడం అయిపోయింది, అడవుల్లో తిప్పడం అయిపోయింది, ఇప్పుడు సముద్రం మీద పడ్డాడు. బోటులో కొన్నాళ్ళపాటు లోపలికి వెళ్ళి, నీలం నీళ్ళలో ఇనుప పంజరం దించి, అందులో మనుషుల్ని నిలబెట్టి సొరల్ని దగ్గరగా చూపిస్తాడట. పర్మిషన్లు వచ్చాయి. పంజరం విజయవాడలో వెల్డింగ్ చేయించాడు. బోటు పెద్దబ్బాయిది. పంజరంలో మనుషుల పక్కన ఉండే పని సాయిశ్రీది.

చిట్టిబాబు అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"పంజరంలో సొరలుంటాయా?" అని అడిగాడు.

"సొరలు బయటుంటాయి నాన్నా. మేం పంజరంలో ఉంటాం."

"మరి పంజరం దేనికి కట్టుంటది?"

"బోటుకి. తాడుతో."

చిట్టిబాబు కంచం పక్కకి తోశాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. గంగాదేవి చాలాసేపు కూతురితో పోట్లాడింది, తర్వాత బతిమాలింది, తర్వాత మొగుడి దగ్గరికి వచ్చి, "అది నా మాట వినదు, నీ మాటా వినదు, కనీసం ఆ తాడు నువ్వు పట్టుకో" అంది. అదే ఆయనా అనుకుంటున్నాడు. సాయిశ్రీకి ఆ మాట చెబితే ఎగిరి గంతేసినంత పని చేసింది. నాన్న తాడు పట్టుకుంటానంటే ఇక ఎవరి భయమూ అక్కర్లేదని అమ్మకి ధైర్యం చెప్పింది.

బయల్దేరిన రోజు పెద్దబ్బాయి బోటు ముందు నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆడపిల్లని బోటెక్కించాల్సి వచ్చినందుకు గంగమ్మతల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు. వాళ్ళ తాతల కాలం నుంచీ వేట బోటు మీద ఆడవాళ్ళు కాలు పెట్టలేదు. "మేనకోడలివి కాబట్టి సరిపోయింది, ఇంకోళ్ళయితే బోటు ఇద్దునా" అని సణిగాడు. వేణుగోపాల్ తన కెమెరాలతో ఎక్కాడు. మొదటి యాత్రకి టిక్కెట్టు కొన్నది ఒక్కరే, చల్లపల్లి నుంచి రామకోటేశ్వరరావు గారు. రైసుమిల్లు కొడుకులకి అప్పగించి ఖాళీగా ఉన్న మనిషి, భారీ విగ్రహం, పెద్ద గొంతు. రేవు దాటేలోపే తను చిన్నప్పుడు పంటకాలవలో మొసలిని చూసిన కథ రెండుసార్లు చెప్పేశాడు.

బోటు, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటింది. ముందు బురద నీళ్ళు, తర్వాత ఆకుపచ్చ, మర్నాటికి నీలం. ఎటు చూసినా ఒడ్డు గీత కూడా కనపడని నీలం. చిట్టిబాబు అక్కడికి ఎన్నోసార్లు వచ్చాడు. అప్పుడెప్పుడూ ఇది లోతుగా కనపడలేదు. ఇప్పుడు కూతురు బోటు అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేస్తే, "కాళ్ళు పైకి తియ్యమ్మా" అన్నాడు. అది నవ్వి తీసింది. కాసేపటికి మళ్ళీ వేలాడేసింది. ఆయన మళ్ళీ చెప్పాడు. ఇలా ఆ పూటంతా జరిగింది.

"సొరలు ఎప్పుడొస్తాయండీ?" అని రామకోటేశ్వరరావు గంటకోసారి అడిగేవాడు.

"ఆ పేరు నీళ్ళ మీద ఎత్తకూడదండీ" అని పెద్దబ్బాయి ప్రతిసారీ చెప్పేవాడు. "పెద్దాయన అనండి."

"పెద్దాయన ఎప్పుడొస్తాడండీ?"

"ఆయనిష్టమండీ."

చేపల పేగులు, తలకాయలు బకెట్లతో పోస్తూ ఒక రోజంతా గడిచింది. ఏమీ రాలేదు. రాకూడదనే చిట్టిబాబు కోరిక. బకెట్ ఎత్తిన ప్రతిసారీ ఒకటే దండం పెట్టుకునేవాడు, రాకుండా చూడు తల్లీ, ఈ పిల్లని ఇలాగే ఇంటికి తీసుకుపోతాను అని. జీవితమంతా రావాలని దండం పెట్టుకున్న మనిషి ఇప్పుడు రావద్దని పెట్టుకుంటే, ఏది వినాలో గంగమ్మతల్లికి మాత్రం ఏం తెలుస్తుంది.

తర్వాతి రోజు పొద్దున్నే వచ్చాయి. ముందు సన్నటివి, బూడిద రంగువి, బోటు కింద నుంచి ఇటు వచ్చి అటు వెళ్ళడం మొదలుపెట్టాయి. వేణుగోపాల్ కెమెరాల దగ్గరికి పరిగెత్తాడు. రామకోటేశ్వరరావు గొంతు తగ్గింది. ముందు తను దిగి అంతా సరిగా ఉందో లేదో చూసి వస్తానని, తర్వాత ఆయన్ని తీసుకెళ్తానని సాయిశ్రీ చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

ఏర్పాటు ఇదీ. బోటు వెనకాల ఇనుప దూలానికి కప్పీ ఉంది. దాని మీదుగా వచ్చిన తాడుకి ఒక కొస పంజరం. ఇటువైపు తాడుని బోటు మీదున్న ఇనుప గుంజకి రెండు చుట్లు తిప్పి, కొస చిట్టిబాబు పట్టుకుంటాడు. పంజరంలో ఉన్నవాళ్ళకి బోటు మీది మిషను నుంచి ఒక రబ్బరు గొట్టంలో గాలి వెళ్తుంది. అది రెండు నిలువుల లోతుకి సరిపోతుంది. అంతకంటే కిందికి పంజరం దించే పని లేదు.

"కొస గుంజకి ముడేసెయ్యండి చిట్టిబాబు గారూ, మీకు శ్రమ ఉండదు" అన్నాడు వేణుగోపాల్.

"ముడేస్తే తాడు చచ్చిపోద్దండి" అన్నాడు చిట్టిబాబు. "పెద్ద ఊపొస్తే ముడి దగ్గర తెగుద్ది. చేతిలో ఉంటే బతికుంటది."

"మా నాన్న చేతిలో ఉంటే ముడి అక్కర్లేదండీ" అంది సాయిశ్రీ, నల్లటి రబ్బరు బట్టలు తొడుక్కుంటూ. చిట్టిబాబు దాని కాళ్ళవైపు చూశాడు. వాటికి పట్టీల్లేవు. అయినా మనసు కుదుటపడలేదు. అది గొట్టం నోట్లో పెట్టుకుని పంజరంలోకి దిగింది, పైన తలుపు వేసుకుంది, బొటనవేలు ఎత్తి చూపించింది. ఆయన తాడు కొద్దికొద్దిగా వదులుతూ కూతుర్ని తన చేతుల్తో తనే సముద్రంలోకి దించాడు. నీళ్ళు దాని తల మీద మూసుకున్నాయి.

కాసేపు అంతా బాగానే ఉంది. పంజరం పక్కన ఒక దారానికి ఎర చేప వేలాడదీశారు. బూడిద రంగువి దాన్ని మూతితో పొడిచి పోతున్నాయి. తర్వాత అవన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఎందుకు మాయమయ్యాయో చిట్టిబాబుకి తెలుసు. బోటు నీడలోంచి ఒళ్ళంతా చారలతో, బోటులో సగం పొడవున ఒకటి పైకి వచ్చింది. పులిసొర. తొందరేమీ లేకుండా వచ్చి ఎరని అందుకుని పక్కకి తిరిగింది. ఎర కట్టిన దారం పంజరం చువ్వల్లో చిక్కుకుంది. అది ముందుకు పోబోయింది, పంజరం కదిలింది, తాడు మీద ఊపు వచ్చింది.

చిట్టిబాబు చేతులు వదిలేశాయి.

అందులో వంక పెట్టడానికేమీ లేదు. వదలాల్సిన క్షణంలో, వదలాల్సినంత చక్కగా వదిలాయి. గుంజ మీద తాడు పొగలు కక్కుతూ పరిగెత్తింది. తండ్రి బతికుండి చూస్తే భుజం తట్టేవాడు. ఇంకా ఘోరమేమిటంటే, ఆ కాసేపూ చిట్టిబాబుకి భయం పోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళంతా తేలికై, గాలానికి పడింది అనుకున్నాడు. పోనీ, ఎంత పోతుందో పోనీ, అలిసిపోతుంది, అప్పుడు లాగుదాం అని మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఓపిగ్గా నిలబడ్డాడు.

ఆయన పక్కనుంచి గాలి గొట్టం బుసబుసమంటూ జారిపోతోంది. అది బిగిసింది. మిషను దగ్గర ఫట్‌మని ఊడింది. దాని కొస ఒకసారి ఎగిరిపడి, బోటు అంచు దాటి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

అది చూసినప్పుడు చిట్టిబాబుకి తాడు అవతలి కొసన ఎవరున్నారో గుర్తొచ్చింది.

ఆయన తాడు మీద పడ్డాడు. పరిగెత్తే తాడుని పట్టుకోకూడదని చిన్నాన్న చేతిని చూసి నేర్చుకున్న మనిషి, రెండు చేతులూ వేసి పట్టేశాడు. అరచేతుల్లో అంత మందం చర్మమూ లేచిపోయింది. తాడు ఎర్రబడింది. వదలమని చేతులు చెబుతూనే ఉన్నాయి, వాటి మాట వినకుండా ఉండటానికి ఆయన పళ్ళు కరుచుకుని కూతురి పేరు పిలిచాడు. పెద్దబ్బాయి వచ్చి గుంజకి ఇంకో చుట్టు వేశాడు. వేణుగోపాల్ కెమెరా పక్కన పెట్టి చెయ్యి వేశాడు. ఎర దారం ఎప్పుడు తెగిందోగాని పంజరం బరువు తేలికైంది. రామకోటేశ్వరరావు కూడా ఏడుపు గొంతుతో దేవుడి పేర్లన్నీ పలుకుతూ తాడు లాగాడు. తన జన్మలో అంత పొడుగు తాడు చిట్టిబాబు ఎప్పుడూ లాగలేదు.

పంజరం పైకి వచ్చింది. సాయిశ్రీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. ముక్కులోంచి రక్తం కారుతోంది. నడుముకి ఉన్న చిన్న గాలి సీసా నోట్లో ఉంది. అలాంటిది ఒకటి పెట్టుకుని దిగిందన్న సంగతే చిట్టిబాబుకి తెలియదు. అది నోట్లోది తీసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఎంత బలం నాన్నా దానికి" అంది.

ఆ రోజంతా బోటు మీద అదే మాట. ఇంత పంజరాన్ని అంత లోతుకి లాక్కుపోయిందంటే అది మామూలుది కాదని వేణుగోపాల్, మొసలి కంటే ఎక్కువేనని రామకోటేశ్వరరావు. పెద్దబ్బాయి ఒక్కడే ఏమీ మాట్లాడలేదు. బావ చేతులకి పసుపు పెట్టి గుడ్డలు చుట్టాడు. చుడుతున్నప్పుడు ఒకసారి తలెత్తి ఆయన మొహంలోకి చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. గేదె పెళ్ళి పందిట్లో దూరినప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వినవాడు అతనే.

మర్నాడు పొద్దున సాయిశ్రీ టీ గ్లాసుతో తండ్రి దగ్గరికి వచ్చింది. ముక్కు కింద ఇంకా ఎరుపు జీర ఉంది. ఆయన గ్లాసు పట్టుకోలేడని తనే తాగించింది.

"కింద చీకటిగా ఉంది నాన్నా" అంది. "గొట్టం ఊడిపోయింది. అది పంజరం చుట్టూ తిరుగుతోంది. అయినా నాకు పెద్దగా భయమెయ్యలేదు. పైన నువ్వున్నావు కదా, ఎలాగైనా ఆపుతున్నావులే అనుకున్నాను."

చిట్టిబాబు గ్లాసు నుంచి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అది లాగలేదమ్మా" అన్నాడు. "నేను వదిలాను."

సాయిశ్రీకి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు.

"అది ఒక్క ఊపు ఊపింది. నా చేతులు వదిలేసినయ్. గాలం తాడనుకున్నయ్. నువ్వు గుర్తు లేవు. ఇంకా సిగ్గులేని మాట చెప్పనా, నాకు సంతోషమేసింది. పడింది కదా అని నిలబడి చూస్తన్నాను. నువ్వక్కడ కిందికి పోతంటే, నేనిక్కడ అది అలిసిపోద్దని చూస్తన్నాను."

సాయిశ్రీ గ్లాసు పక్కన పెట్టేసింది. మొహం పాలిపోయింది. నిన్న నీళ్ళ అడుగున పడని భయం ఇప్పుడు పట్టుకుంది. చిట్టిబాబు కూతురి మొహం చూడలేక తన గుడ్డ చుట్టిన చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు. వాటిని నరికి పారెయ్యాలనిపించింది.

"అమ్మకి చెప్పకు" అంది చివరికి. తర్వాత కళ్ళు తుడుచుకుని, "గేదె అనుకున్నావా నన్ను" అంది. నవ్వాలని చూసింది, రాలేదు.

"ఇంటికి పోదాం తల్లీ."

"ఇవాళ దిగకపోతే ఇంక నేనెప్పుడూ దిగలేను నాన్నా. నాకు తెలుస్తోంది." అది నిజమేనని ఆయనకీ తెలుసు. తుఫానులో దెబ్బతిన్నవాడు వెంటనే మళ్ళీ బోటెక్కకపోతే ఇక ఒడ్డునే ఉండిపోతాడు, అలాంటివాళ్ళు రేవులో చాలామంది ఉన్నారు.

"అయితే ముడేయించు" అన్నాడు. "రెండు తాళ్ళు, రెండు ముళ్ళు. పెద్దబ్బాయి వేస్తాడు. ఎర గిర ఏదీ కట్టొద్దు."

"మరి నువ్వు?"

"నేను పైన ఉండలేను. పైన తాడుంటది, నా చెయ్యి దాని మీదికే పోద్ది. నీతో నేనూ దిగుతాను."

సాయిశ్రీ తండ్రి మొహంలోకి చూసింది. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎన్నిసార్లు పిలిచినా ఈతకి కూడా లోపలికి రాని మనిషి. ఆ పూట రామకోటేశ్వరరావు వంతు కదా అని వేణుగోపాల్ గుర్తుచేస్తే, "వాళ్ళని వెళ్ళి రానివ్వండి బాబూ, నాకేం తొందర లేదు" అన్నాడాయన. అంత మెత్తగా ఆయన మాట్లాడటం ఆ యాత్రలో అదే మొదలు.

చిట్టిబాబు కళ్ళకి అద్దం పెట్టారు, నోట్లో గొట్టం పెట్టారు. గట్టిగా కొరికి పట్టుకోమని, ఊపిరి ఆపకుండా పీలుస్తూ వదులుతూ ఉండమని సాయిశ్రీ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని దిగాడు. మోకాళ్ళు దాటి, నడుము దాటి, మెడ దాటి నీళ్ళు వచ్చాయి. తల మునిగాక ఆయనకి తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అది తనదని కూడా అనిపించలేదు. కూతురు భుజం తట్టింది. కళ్ళు తెరిచాడు.

కాళ్ళ కింద ఏమీ లేదు. చువ్వలు, చువ్వల కింద నీలం, దాని కింద ఇంకా చిక్కటి నీలం, దానికి అడుగు లేదు. నలభై ఏళ్ళుగా తను దీని మీదే తిన్నాడు, నిద్రపోయాడు.  పైకి పోదామని సైగ చెయ్యబోయి, చెయ్యి ఎత్తలేకపోయాడు.

అది వచ్చింది. నిన్నటిదే, మూతి దగ్గర తెగిన దారం ఇంకా వేలాడుతోంది. చిట్టిబాబు ఇలాంటివాటిని లెక్కలేనన్ని చూశాడు, కాని అన్నీ బోటు మీద పడి కొట్టుకునేవే, కళ్ళు మసకబారినవే. కత్తి ఎక్కడ పెట్టాలో, కాలేయం ఎక్కడుంటుందో తెలుసు. ఆ తెలివి ఇక్కడ ఎందుకూ కొరగాలేదు. ఇక్కడ అది కొట్టుకోవడం లేదు. దాని ఇంట్లో అది తిరుగుతోంది. పంజరం చుట్టూ ఒకసారి తిరిగి, దగ్గరికి వచ్చి, పక్కగా పోతూ ఆయన్ని చూసింది. నల్లటి పెద్ద కన్ను, అందులో కోపం లేదు, ఆకలి కూడా లేదు. దానికి ఆయన తాడు చిట్టిబాబు కాదు, ఎవరూ కాదు. ఆయన జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు.

అది వెనక్కి తిరిగి వచ్చి మూతి చువ్వలకి ఆనించింది. తర్వాత తోసింది. పంజరం ఒక పక్కకి ఒరిగింది, పైన తాళ్ళు బిగిసి మూలిగాయి, ఇద్దరూ చువ్వల మీద పడ్డారు. అదే ఊపు. చిన్నప్పటి నుంచీ ఆయన ఎముకల్లో ఉన్న ఊపు. భుజం దగ్గర మొదలై వేళ్ళ దాకా, వదిలెయ్, వదిలెయ్ అని ఒళ్ళంతా చెప్పింది.

ముళ్ళు తెగలేదు. పులిసొర ఇంకోసారి తోసి, విసుగు పుట్టిందేమో, చిక్కటి నీలంలోకి దిగిపోయింది. సాయిశ్రీ తాడు కుదిపింది. పైన పెద్దబ్బాయి, వేణుగోపాల్ లాగడం మొదలుపెట్టారు.

ఎండలోకి వచ్చాక, పంజరం బోటు అంచుకి చేరాక, తలుపు తీశాక కూడా చిట్టిబాబు కదల్లేదు. నోట్లో గొట్టం పెద్దబ్బాయే పీకాడు. ఆయన రెండు చేతులూ కూతురి మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. గుడ్డల్లోంచి రక్తం దాని చేతి మీదుగా కారుతోంది. వేళ్ళ కింద దాని చర్మం తెల్లబడిపోయింది. నొప్పికి దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు.

"పైకొచ్చేశాం నాన్నా" అంది. "ఇక వదులు."

ఆయన విన్నాడు. వదలాలనే చూశాడు. వేళ్ళు రాలేదు. పెద్దబ్బాయి పక్కన కూర్చుని ఒక్కో వేలూ మెల్లగా విప్పాల్సి వచ్చింది.

వదలమని ఆ చేతులకి ఒకరు చెప్పాల్సి రావడం అదే మొదటిసారి.